పని లేని నెల

మా సంఘంలో అందరూ పొరపాటు అనుకుంటున్న ఒక పనిని నేను పొరపాటున చేయలేదు. ఈ ఒక్క వాక్యం బయట పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాశాక చూస్తే ఇంత చిన్నగా ఉందేమిటి అనిపిస్తోంది. మోసినప్పుడు ఇంత చిన్నగా లేదు. పెళ్లి సామాను దించి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే మధ్యలో గుర్తొచ్చేది. మా ఆవిడకు చెప్పలేదు. చెబితే ఆమె కూడా మోయాల్సి వస్తుందని నాకు నేను చెప్పుకున్న కారణం. ఆమె నన్ను చూసే చూపు మారుతుందన్నది అసలు కారణం.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం సులువు. నా పేరు చెప్పను. ఇందులో ఉన్నవాళ్ల పేర్లు కూడా మార్చాను. నెల పేరు మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఒప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాకొక టెంటు హౌసు ఉంది. శామియానాలు, కుర్చీలు, వంట గంజులు అద్దెకిస్తాం. స్టేజీ అలంకరణ కూడా చేస్తాం. ఇక్కడి నుంచి యాచారం దాకా ఉన్న టెంటు హౌసుల వాళ్లమంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. అద్దెలు అందరివీ ఒకేలా ఉండాలని, ఒకరి గిరాకీ ఒకరు లాక్కోకూడదని దాని ఉద్దేశం. లాక్కోవడం ఆగలేదనుకోండి, కానీ లాక్కున్నాక కూర్చుని తిట్టుకోవడానికి ఒక చోటంటూ దొరికింది. నేను ఆ సంఘానికి కార్యదర్శిని. డిగ్రీ చదివినవాణ్ణి, చేతిరాత బాగుంటుంది, అందుకని రాతకోతలన్నీ నాకే అంటగట్టారు.

ఇప్పుడు జహంగీర్ అన్న గురించి చెప్పాలి. యాచారం దగ్గరి ఊరు ఆయనది. వాళ్ల నాన్న కాలం నుంచి అక్కడ పెళ్లిళ్లకు పందిళ్లు వేసేది వాళ్లే, ఎవరి పెళ్లైనా సరే. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాక నేను తిరుగుతున్నప్పుడు ఆయన దగ్గరే ఈ పని నేర్చుకున్నాను. గాలివానకు కూడా ఊడని తాడు ముడి ఆయన చెయ్యి నా చేతి మీద పెట్టి వేయించాడు. నేను సొంతంగా మొదటి పెళ్లి పట్టుకున్న రోజు కుర్చీలు చాలకపోతే, అడగకుండానే తన కుర్చీలు ఆటోలో వేసి పంపాడు. వాటికి అద్దె తీసుకోలేదు. మా పనిలో అదొక పద్ధతి, రద్దీ రోజున ఒకరి సామాను ఒకరు బదులు తీసుకుంటాం. కానీ నా దగ్గర ఆయనకు బదులివ్వడానికి అప్పుడేమీ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మా పనంతా క్యాలెండరు మీద నడుస్తుంది. హిందువుల పెళ్లిళ్లు ముహూర్తాలను బట్టి ఉంటాయి. మూఢంలో, ఆషాఢంలో ఉండవు. ముస్లింల పెళ్లిళ్లు మొహర్రంలో ఉండవు. బక్రీద్ అయిపోయి మొహర్రం రాకముందు మాత్రం మస్తుగా ఉంటాయి, మళ్లీ ఆగాల్సి వస్తుందని అందరూ ఆ రోజుల్లోనే తొందరపడతారు. చిక్కేమిటంటే ఈ రెండు లెక్కలూ కలిసి నడవవు. తెలుగు నెలలు అధిక మాసం వేసుకుని ఎక్కడివక్కడే ఉంటాయి. ముస్లింల నెలలు చంద్రుణ్ణి పట్టుకుని ఏటేటా ముందుకు జరిగిపోతాయి. ఎండాకాలంలో ఉన్న రంజాన్ కొన్నేళ్లకు చలికాలంలోకి వస్తుంది.

అందుకే సంఘం పుట్టినప్పటి నుంచి ఎన్నికల తేదీకి ఒక ఆనవాయితీ ఉండేది. పంచాంగం చూడటం వచ్చిన ఒక పెద్దమనిషి, జహంగీర్ అన్న, ఇద్దరూ చాయ్ ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఇటు ముహూర్తం లేకుండా, అటు నికా లేకుండా ఉండే ఒక రోజును వెతికేవాళ్లు. దాన్ని మేం 'ఇద్దరి ఖాళీ' అనేవాళ్లం. ఆ రోజే ఎన్నిక. ఇది ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

తర్వాత సంఘం పెరిగింది. ప్లాట్ల వెంచర్లు వచ్చాయి, కొత్త కాలనీలు వచ్చాయి, సాగర్ రోడ్డుకు రెండు వైపులా ఫంక్షన్ హాళ్లు లేచాయి. సంఘం అధ్యక్షుడంటే హాళ్ల యజమానులు కుర్చీ వేసి మాట్లాడే మనిషి అయ్యాడు. దాంతో ఎన్నికలు కూడా చెడ్డాయి. ఒకసారి పోటీదారులు రోడ్డంతా ఫ్లెక్సీలు కట్టారు. ఒకాయన చెరువు కట్ట దగ్గర బిర్యానీ దావత్ ఇస్తే ఇంకొకాయన మందు దావత్ ఇచ్చాడు. ఎన్నిక మూడుసార్లు వాయిదా పడింది. చివరికి జరిగిన రోజు, పక్కూరి వాళ్ల ఓట్లు వాళ్ల తమ్ముళ్లొచ్చి వేస్తున్నారని గొడవై కుర్చీలు విసురుకున్నారు. బతుకంతా కుర్చీలు అద్దెకిచ్చేవాళ్లం, ఆ రోజు విరిగిన కుర్చీలు ఎవరివో తేల్చుకోలేక వారం రోజులు కొట్లాడుకున్నాం.

అప్పుడు నియమాలు కొత్తగా రాయాలన్నారు. ముగ్గురితో కమిటీ వేశారు. మిగతా ఇద్దరూ, నువ్వు రాయి, మేం సంతకం పెడతామన్నారు. నేను రాశాను. శ్రద్ధగానే రాశాను. ఫ్లెక్సీలు వద్దు. దావత్‌లు వద్దు. ప్రచారం ఎన్నికకు ముందు వారం రోజులే. పోటీదారులందరూ ఒకే రోజు ఒకే చోట సభ్యుల ముందు నిలబడి మాట్లాడాలి. ఓటు ఎవరిది వాళ్లే వచ్చి వేయాలి. ఒకసారి తేదీ ఖరారైతే వాయిదా లేదు. ఇవన్నీ మంచి నియమాలే. ఇప్పటికీ ఒక్కటి కూడా తీసేయమనను. ఇది నన్ను నేను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. మంచి నియమాల మధ్యలో పెడితేనే చెడ్డ నియమం కనిపించదని చెప్పడానికి చెబుతున్నాను.

ఆ రాసే రోజుల్లోనే జహంగీర్ అన్న ఈసారి అధ్యక్షుడిగా నిలబడతానన్నాడు. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా, మీరే చేయండని నవ్వి తప్పుకున్న మనిషి. ఆయన అడిగింది ఒక్కటే. ఫంక్షన్ హాళ్ల పని ఒకరిద్దరి చేతుల్లోకి పోతోంది, ఊళ్లలో చిన్న టెంటు హౌసులు మూతపడుతున్నాయి, కాబట్టి హాళ్లలో అలంకరణ, సామాను పని సంఘం ద్వారా సభ్యులందరికీ వంతుల వారీగా రావాలి. హాళ్ల యజమానులతో మాట్లాడి ఆ ఏర్పాటు చేస్తాననేవాడు. చేసేవాడు కూడా. ఆయన మాట కాదనే యజమాని ఆ రోడ్డు మీద లేడు, వాళ్లలో సగం మంది ఇళ్ల పెళ్లిళ్లకు పందిరి వేసింది ఆయనే.

హాళ్ల పని పోతోందన్న ఆ ఒకరిద్దరి చేతుల్లో రెండు చేతులు నావి. అప్పటికి ఒక పెద్ద ఫంక్షన్ హాలు పని నాకు శాశ్వతంగా కుదిరింది. ఆ హాల్లో ఎవరి పెళ్లైనా స్టేజీ నాదే, సామాను నాదే. అంతకు ముందు ఏడే కొత్త బండి కొన్నాను, పిల్లను మంచి కాలేజీలో చేర్పించాను. వంతులు వస్తే నా వంతు ఎప్పుడో ఏడాదికి కొన్నిసార్లు. చిన్నవాళ్లు వెలిసిపోయిన గుడ్డలు తెచ్చి కడితే హాలు పేరు పోతుందని నాతో నేను వాదించుకున్నాను. కొంత నిజం కూడా ఉంది అందులో. కానీ నిద్ర పట్టకుండా చేసింది హాలు పేరు కాదు, నా బండి.

ఎన్నికల తేదీ నియమం దగ్గరికి వచ్చాను. గోడకు కొత్త క్యాలెండరు ఉంది. తెలుగు తేదీ కింద చిన్న అక్షరాల్లో ముస్లిం నెల తేదీ కూడా వేసే క్యాలెండరే అది. మా పనివాళ్లందరి గోడల మీదా అదే ఉంటుంది. ఆషాఢం కాగితం ఎత్తి చూశాను. ఆషాఢంలోనే బక్రీద్. బక్రీద్ తర్వాత నెలాఖరు దాకా వాళ్ల పెళ్లిళ్లు. మొహర్రం ఆషాఢం అయిపోయాకే. కాగితం వదిలేశాను. మళ్లీ ఎత్తి చూశాను. తర్వాత కూర్చుని ఇలా రాశాను: "ఎన్నికలు సభ్యులకు పని లేని ఆషాఢ మాసంలో, మూడవ ఆదివారం జరుగును."

పని లేని. ఆ రెండు మాటలు నేనే ఎంచి పెట్టాను. అవి లేకపోయినా నియమం నిలబడేది. ఎందుకు పెట్టాను? అడగబోయేవాడి నోరు ముందే మూయడానికి.

మాఘం ముహూర్తాలు మొదలు కాకముందు సర్వసభ్య సమావేశం జరిగింది. నేను నిలబడి నియమాలన్నీ చదివాను. దావత్‌లు వద్దన్న చోట కొందరు గొణిగారు, ఫ్లెక్సీలు వద్దన్న చోట చప్పట్లు కొట్టారు. ఆషాఢం దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలోంచి జహంగీర్ అన్న లేచాడు. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా పోకుండా గుర్తున్నాయి.

"తమ్మి, ఆషాఢం మీకు ఖాళీనే. గప్పుడు మాకు ఏం నెల వస్తదో జర చూసినవా?"

"చూసిన అన్నా. మొహర్రం వస్తది. మీకు గూడ పెండ్లిళ్లు ఉండయి."

"మొహర్రమా? బక్రీద్ ఏడ వడ్డది మరి?"

"బక్రీద్ జేష్ఠంలనే అయిపోతది. క్యాలెండర్ ముంగట వెట్టుకొనే రాసిన."

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. నేను కాగితంలోకి చూశాను. తర్వాత ఆయన పక్కనున్న వాళ్లతో పెద్దగా అన్నాడు.

"తమ్మి చూసినంక ఇగ నేను చూసుడేంది. చెయ్యి లేపుండ్రి."

అందరికంటే ముందు ఆయనే చెయ్యెత్తాడు. ఆ చెయ్యి చూసి మిగతా చేతులు లేచాయి. నియమం పాసైంది. 'ఇద్దరి ఖాళీ' అనే ఆనవాయితీ అలా పోయింది, దాన్ని ఇన్నాళ్లు నడిపిన మనిషి చెయ్యెత్తితేనే పోయింది.

ఆ సమావేశంలో ఎవరి జేబులో చూసినా ఫోను ఉంది. ఎవరైనా తీసి చూస్తే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ తీయలేదు. నన్ను నమ్మారు కాబట్టి తీయలేదు. ఇంత ధైర్యం నాకెక్కడిదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అది నా ధైర్యం కాదు, వాళ్ల నమ్మకం. దాని మీద నిలబడి అబద్ధమాడాను.

ఎండాకాలం పెళ్లిళ్లు ముగిసే వేళకు విషయం బయటపడింది. బక్రీద్ తర్వాతి ఆదివారానికి బుకింగులు వస్తుంటే ఎవరికైనా తెలుస్తుంది కదా. కొందరు నా దుకాణానికి వచ్చి అరిచారు. లెక్క తప్పింది, అధిక మాసాల తికమకలో నెల అటూ ఇటూ అయింది అన్నాను. అయితే తేదీ మార్చమన్నారు. వాయిదా లేదన్న నియమం చూపించాను. అదీ మీరు చెయ్యెత్తిందే అన్నాను. వాళ్లను అక్కడి నుంచి తీసుకుపోయింది జహంగీర్ అన్నే. రాసుకున్నది మనమే, రాసుకున్నాక నడవాలి అని సర్దిచెప్పాడు. ఎంత పనున్నా నడుమ వచ్చి ఓటేసి పోవచ్చని వాళ్లకు ధైర్యం చెప్పాడు.

ప్రచారం వారంలో ఆయన పాత స్కూటర్ మీద ఊరూరా తిరిగాడు. దావత్ లేదు, ఫ్లెక్సీ లేదు, నియమం ఒక్కటి కూడా దాటలేదు. శామియానా మడతపెట్టాలంటే రెండు చివరలు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఆయన ఏ దుకాణానికి వెళ్లినా ఒక చివర తాను పట్టుకుని, మడతపెడుతూ మాట్లాడేవాడట. ఎవరో నాకు నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను. ఆయన మీద పోటీ చేసింది శ్రీశైలం అనే అతను, టెంటు హౌసుతో పాటు లైటింగ్ పని కూడా చేసేవాడు, నాలాగే ఒక హాలు పట్టుకున్నవాడు. అతను పెద్దగా తిరగలేదు. తిరగాల్సిన పని లేదని నేనే చెప్పాను.

ఎన్నిక రోజు ఒక కుల సంఘం భవనంలో పొద్దున పది నుంచి రెండు దాకా ఓటింగు. ఎన్నికల అధికారిని నేనే. సగం కుర్చీలు నిండాయి, సగం ఖాళీగా ఉన్నాయి. నికా వేళ, భోజనాల వేళ సామాను వదిలి ఎవరు రాగలరు? ఒక్క మాట చెప్పాలి. రాలేకపోయింది ముస్లింలు మాత్రమే కాదు. యాదయ్య అని పెద్ద వయసు ఆయన ఉండేవాడు, ఆయన బతుకంతా ముస్లింల పెళ్లిళ్లకు అద్దెకిచ్చే గంజుల మీదే. ఆయనా రాలేదు. వంతులు ఎవరికి కావాలో సరిగ్గా వాళ్లే ఆ రోజు రాలేకపోయారు.

మధ్యాహ్నం కావస్తుండగా జహంగీర్ అన్న వచ్చాడు. సామాను ఆటోలోంచి దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది, చేతులకు తాడు నలుపు. ఓటు వేసి నా వైపు తిరిగి, అన్నం తిన్నావా అని అడిగాడు. తిన్నానన్నాను. తినలేదు. అక్కడ భోజనాలు మొదలవుతాయని వెంటనే వెళ్లిపోయాడు.

ఓట్లు లెక్కపెట్టింది నేనే. ఆ లెక్కలో ఏ మోసమూ లేదు. చేయాల్సిన అవసరం మిగల్లేదు. శ్రీశైలం గెలిచాడు. తేడా చాలా తక్కువ. ఒక్క ఊరి వాళ్లు వచ్చి ఉంటే సరిపోయేది.

నాలుగైదు రోజులయ్యాక జహంగీర్ అన్న దుకాణానికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీ మొకం గట్లెందుకు వెట్టినవ్? మీ నెలలు, మా నెలలు, నాకే తికమకైతది. నువ్వు గావాలని జేస్తవా ఏంది. ఫికర్ జేయకు."

నేను తలూపాను. ఏ మాటకు తలూపానో నాకే తెలియదు. చాయ్ తెప్పించాను. ఆయన తాగి వెళ్లాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్లీ రాలేదు, ఆ రోజు నేను చాయ్ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

ఆయన క్షమించాడు. కానీ దేన్ని? నా లెక్క తప్పడాన్ని క్షమించాడు. నా లెక్క తప్పలేదు. కాబట్టి ఆ క్షమ నాది కాదు, ఎవరిదో సామాను నా గోడౌనులో దించిపోయినట్టు అక్కడే పడి ఉంది.

ఇంతటితో అయిపోయి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. ఆ తర్వాతి నెలవంక నాడు, చీకటి పడే వేళ, ఆయన ఫోన్ చేశాడు. "తమ్మి, నెల కనవడ్డది. రేపు ఒకటో తారీఖు. క్యాలెండర్ మీద రాసుకో, మళ్ల తికమక గావు" అన్నాడు. పాపం వీడికి మా నెలల లెక్క రాదు, మళ్లీ తప్పు చేస్తే సంఘంలో మాట పడతాడు, అని ఆయన ఆలోచన. ఆ నెలతో ఆగలేదు. ప్రతి నెలవంకకూ ఫోన్ వస్తుంది. నెల పేరు చెబుతాడు, రాసుకోమంటాడు. నేను రాసుకుంటాను. క్యాలెండరులో అచ్చయి ఉన్నదాని పక్కనే పెన్నుతో మళ్లీ రాస్తాను. ఆయనకు మన మీద ఎంత ప్రేమో చూడు అంటుంది మా ఆవిడ.

వంతుల మాట శ్రీశైలం మళ్లీ ఎత్తలేదు. హాళ్లు ఎవరివి వాళ్లకు ఖాయమయ్యాయి. యాదయ్య దుకాణం మూసేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. జహంగీర్ అన్న ఇంకో రెండు సీజన్లు లాగాడు. ఊరి జనమే హాళ్లకు వెళ్తుంటే ఇంటి ముందు పందిరి వేయించుకునేది ఎవరు? సామాను అమ్మేస్తానన్నాడు. గంజులు, బగోనలు, ఆ వంట గిన్నెలన్నీ నేనే కొన్నాను. సాయం చేస్తున్నాననుకుని కొన్నాను. ఇప్పుడాయన కొంగరకలాన్ దగ్గర ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట దగ్గర పని చేస్తున్నాడు. పొద్దున్నే బస్సెక్కి వెళ్తాడు. ఆయన బగోనలు నా హాల్లో తిరుగుతున్నాయి. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఆయన పేరు కొట్టి ఉంటుంది. కొత్త పనివాళ్లు, అన్నా ఈ జహంగీర్ ఎవరని అడుగుతారు. పాత యజమాని అంటాను.

మీరు ఒకటి అడగాలనుకుంటారు. ఆయన ముస్లిం కాబట్టి చేశావా అని. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. లేదనే అనిపిస్తుంది. ఆయన స్థానంలో యాదయ్య నిలబడినా నా హాలు కోసం ఏదో ఒకటి వెతికేవాణ్ణి. కానీ అంత తేలిగ్గా వదలలేను. ఆయన పండుగలు నాకు బాగా తెలుసు, పండుగ పూట ఆయన ఇంట్లో సేమ్యా తాగుతూ పని నేర్చుకున్నవాణ్ణి. ఆ తెలిసినదాన్నే తీసి ఆయన మీద వాడాను. తెలియనివాడైతే ఈ పని చేయలేకపోయేవాడు. ద్వేషం లేకుండా కూడా ఇంత పని చేయొచ్చని నన్ను చూసే నేర్చుకున్నాను.

ఈ మధ్య కొత్త నియమాలతో రెండో ఎన్నిక జరిగింది. అదే నియమం, అదే ఆషాఢం, మూడో ఆదివారం. నెలలు జరిగి జరిగి ఈసారి ఆషాఢంలోకి నిజంగానే మొహర్రం వచ్చింది. ఎవరికీ పెళ్లి లేదు. కుర్చీలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. ఒక్క గొడవ లేదు. కొత్త కమిటీ కూర్చున్న రోజున, ఇంత చక్కటి నియమాలు రాసినందుకని నాకు శాలువా కప్పారు. మొదటిసారి లెక్క జర తప్పినా నియమం మాత్రం బంగారం అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేను దండం పెట్టాను. జహంగీర్ అన్న అక్కడ లేడు. టెంటు హౌసు లేనివాడికి సభ్యత్వం ఉండదు. ఆ నియమం మాత్రం పాతదే, నేను రాయలేదు.

అప్పుడు అర్థమైంది. నేను చేసిన తప్పును కాలమే తుడిచేసింది. ఇప్పుడు ఎవరు చదివినా ఆ నియమంలో వంక దొరకదు. ఇంకొన్నేళ్లు పోతే ఆషాఢం మళ్లీ ఎవరి పెళ్లిళ్ల మీదికి వెళ్తుందో, అప్పటికి ఇద్దరి ఖాళీ వెతికేవాళ్లు ఎవరుంటారో తెలియదు. ఇప్పటికి మాత్రం సాక్ష్యం నేనొక్కణ్ణే. నేను కూడా మాట్లాడకపోతే అది జరగనట్టే.

శాలువా కప్పిన నాలుగో రోజో అయిదో రోజో నెలవంక. చీకటి పడుతుండగా ఫోన్ మోగింది. "సఫర్ నెల వడ్డది తమ్మి, రాసుకో" అన్నాడు. వెనక క్యాంటీన్‌లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అన్నా అన్నాను. ఏంది అన్నాడు. ఆయన ఆగాడు, తొందర పెట్టలేదు. గిన్నెల చప్పుడు వింటూ నిలబడ్డాను. రాసుకున్నా అన్నాను.

ఆ తర్వాత ఇది రాయడం మొదలుపెట్టాను. రాసేశాక మోత కొంచెం తేలికైంది. అబద్ధం చెప్పను, తేలికైంది. జహంగీర్ అన్నకు ఏమీ తిరిగి రాకుండానే నాకు ఊపిరి ఆడుతున్నందుకు సిగ్గుగా కూడా ఉంది. హాలు ఇంకా నా చేతుల్లోనే ఉంది. వదులుకుంటానా? తెలియదు. తెలియదని రాయడమే ఇప్పటికి నిజం.

ఇది అచ్చయితే ఆయన చదువుతాడు. బస్సులో కూర్చుంటే సీట్లో ఎవరో వదిలేసిన కాగితం కూడా మడత విప్పి చదివే మనిషి. పేర్లు మార్చినా నెల చూసి పోల్చుకుంటాడు. వచ్చే నెలవంక నాడు ఫోన్ మోగకపోతే చదివాడని అనుకుంటాను. మోగితే, ఎత్తి, ఈసారి ఆ మాట నా నోటితో చెప్పాలి. ఇక్కడైతే చెప్పేశాను. అన్నా, నీ నెలల లెక్క నాకు గప్పుడు గూడ తెల్సు.